పదికి ఎన్ని వేశారు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఆర్‌ఏ, కీళ్లు వాచి నొప్పెట్టే దీర్ఘకాలిక జబ్బు) ఉందని తెలిసిన దగ్గర్నుంచీ నన్ను కలిసినవాళ్లంతా అడిగేది ఒక్కటే, "ఇప్పుడు తగ్గిందా?" అని. పెళ్లిళ్లలో అడుగుతారు, బ్యాంకు కౌంటర్ అవతల పాస్‌బుక్ చాపుతూ అడుగుతారు, అత్తగారి వైపు చుట్టాలైతే ఫోన్ చేసి మరీ అడిగి ఆ వెంటనే ఎవరో ఆకుమందు ఇచ్చే ఆయన నంబర్ చెప్తారు. వాళ్లకి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అదే ప్రశ్న డాక్టర్ అడిగితే మాత్రం నా జవాబు మీద మందు డోసు ఆధారపడి ఉంటుంది. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ ఉంది, బీపీకి మెషీన్ ఉంది, మన జబ్బుకి మాత్రం అన్నీ తేల్చి చెప్పే ఒక్క అంకె లేదు. అందుకే రెమిషన్, అంటే జబ్బు సద్దుమణిగి ఉండటం, అనేదాన్ని కొలవడానికి ఇన్ని రకాల లెక్కలు పుట్టాయి, వాటిలో ఒకటి పూర్తిగా పేషెంట్ నింపే కాగితం మీదే నడుస్తుంది. ఆ కాగితం గురించి నాకు చాలా అభిప్రాయాలు ఉన్నాయి కాబట్టి ఈ పోస్టు. నేను డాక్టర్ని కాదు, విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని, జబ్బు నాది, అంకెలంటే కాస్త పిచ్చి.

కాగితం పేరు ఎండీహెచ్‌ఏక్యూ. 1980లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ ఫ్రైస్ బృందం హెచ్‌ఏక్యూ అనే పెద్ద ప్రశ్నావళి తయారుచేసింది. ఓపీలో ఎవరికీ అంత తీరిక ఉండదని థియొడోర్ పింకస్ అనే రుమటాలజిస్ట్ తన సహచరులతో కలిసి దాన్ని కుదించి ఇలా చేశారు. మా డాక్టర్ గారి దగ్గర ఫీజు కట్టగానే రిసెప్షన్ అమ్మాయి ఇది చేతిలో పెడుతుంది, ఒకవైపు ఇంగ్లీషు, వెనక ఎవరో తెలుగు చేసిపెట్టిన జిరాక్స్. మొదట 10 పనుల జాబితా. బట్టలు వేసుకోగలరా, మంచం మీంచి లేవగలరా, నిండు గ్లాసు నోటిదాకా ఎత్తగలరా, చదునైన దారిలో నడవగలరా, ఒంటికి స్నానం చేసుకుని తుడుచుకోగలరా, వంగి కింద పడిన బట్ట తీయగలరా, కుళాయి తిప్పగలరా, కారో బస్సో ఎక్కి దిగగలరా, 3 కిలోమీటర్లు నడవగలరా, మీకిష్టమైన ఆటపాటల్లో పాల్గొనగలరా. ఇబ్బంది లేకుండా చేస్తే 0, కొంచెం కష్టమైతే 1, బాగా కష్టమైతే 2, చేయలేకపోతే 3. దాని కింద నొప్పికి ఒక వరుస, 0 నుంచి 10 దాకా అరలతో సహా 21 చిన్న గుండ్రాలు, ఒకదాన్ని నింపాలి. అలాంటిదే ఇంకో వరుస, మీ జబ్బు అన్ని రకాలుగా చూసుకుంటే మొత్తమ్మీద ఎలా ఉన్నారని.

లెక్క చాలా సులువు. పనుల మొత్తం 30కి వస్తుంది, దాన్ని 10కి దించుతారు. నొప్పి 10కి, మొత్తమ్మీద స్థితి 10కి. మూడూ కూడితే 30కి ఒక అంకె, దాని పేరు ర్యాపిడ్3. 12 దాటితే జబ్బు బాగా చురుగ్గా ఉన్నట్టు, 6 దాటి 12 లోపు మధ్యస్థం, 3 దాటి 6 లోపు తక్కువ, 3 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే రెమిషన్‌కి దగ్గర్లో ఉన్నట్టు. నాదే ఒక పాత కాగితం చూడండి. పనులకి 30కి 7, అంటే 2.3. నొప్పి 3.5. మొత్తమ్మీద 3. కలిపితే 8.8. ఆ రోజు నా ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపుని చూపించే రక్తపరీక్ష) 18, ల్యాబ్ రిపోర్టు మీద ఒక్క అంకె కూడా బోల్డ్ అక్షరాల్లో లేదు, మా ఆయన చూసి "అన్నీ నార్మలే కదా" అన్నారు. రిపోర్టు ప్రకారం నేను బాగున్నాను, కాగితం ప్రకారం మధ్యస్థంలో ఉన్నాను. నాకైతే కాగితమే నిజం చెప్పినట్టు అనిపించింది, ఎందుకంటే ఆ నెలంతా పొద్దున్నే కుక్కర్ మూత తీయడానికి మా అబ్బాయిని నిద్ర లేపుతున్నాను.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం నాకూ వచ్చింది. పేషెంట్ చెప్పేది వట్టి మాట, రక్తపరీక్ష సైన్సు, ఈ మాటల్ని కూడితే సైన్సు ఎలా అవుతుంది అని. ఆ అనుమానం తీరాలంటే అవతలి లెక్కని కూడా విప్పి చూడాలి. పరిశోధనల్లో ఎక్కువగా వాడే డాస్28 తీసుకుందాం. అందులో నాలుగు ముక్కలుంటాయి: 28 కీళ్లలో నొక్కితే నొప్పి ఉన్నవి ఎన్ని, వాచినవి ఎన్ని, ఈఎస్‌ఆర్ ఎంత, 100 మిల్లీమీటర్ల గీత మీద పేషెంట్ తన స్థితి ఎంత అని పెట్టారు. నొప్పి కీళ్ల సంఖ్యకి వర్గమూలం తీసి 0.56తో, వాపు కీళ్ల వర్గమూలాన్ని 0.28తో, ఈఎస్‌ఆర్ సహజ లాగరిథమ్‌ని 0.70తో, పేషెంట్ గీతని 0.014తో గుణించి కూడాలి. మొత్తం 2.6 కన్నా తక్కువైతే రెమిషన్.

ఒక ఆదివారం మధ్యాహ్నం దీన్ని ఎక్సెల్‌లో పెట్టి ఆడుకున్నాను. ఒక్క కీలు కూడా నొప్పి లేదు, ఒక్కటీ వాచలేదు, పేషెంట్ నూటికి సున్నా పెట్టింది, అంటే హాయిగా ఉన్నానంది, ఈఎస్‌ఆర్ మాత్రం 45. అంకె 2.66 వచ్చింది. అంటే రెమిషన్ కాదు! మన దగ్గర రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఈఎస్‌ఆర్ 45 ఉండటం ఏమంత వింత? కీళ్ల జబ్బు నిద్రపోతున్నా రక్తహీనత ఒక్కటే ఆమెని రెమిషన్ గీత దాటనివ్వదు. ఇప్పుడు తిప్పి చూడండి. 9 కీళ్లు వాచి ఉన్నాయి, నొక్కితే మాత్రం నొప్పి లేదు, ఈఎస్‌ఆర్ 5, పేషెంట్ నూటికి 20 పెట్టింది. 2.25. రెమిషన్! తొమ్మిది కీళ్లు వాచి ఉన్న మనిషికి జబ్బు సద్దుమణిగిందని సర్టిఫికెట్ ఇచ్చేసింది ఫార్ములా. లాగరిథమ్ ఉంది కదా అని ఒక లెక్క నిజం అయిపోదు. పైగా మొదటిసారి డాక్టర్ దగ్గరికి వచ్చే ఆర్‌ఏ పేషెంట్లలో దాదాపు 40 శాతం మందికి ఈఎస్‌ఆర్ నార్మల్‌గానే ఉంటుంది, ఆర్‌ఏకి ఇచ్చే టోసిలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటే ఈఎస్‌ఆర్, అలాంటిదే ఇంకో రక్తపరీక్ష సీఆర్‌పీ, రెండూ కీళ్ల సంగతితో పని లేకుండానే దిగిపోతాయి.

ఆ 28 కీళ్ల లెక్కలో పాదాలు లేవని మీకు తెలుసా? భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు, చేతివేళ్ల కీళ్లు, అంతే. నా జబ్బు మొదలైందే కాలి వేళ్ల మొదళ్లలో. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే గులకరాళ్ల మీద నడిచినట్టు ఉండేది, ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని తిరిగితే మా అత్తగారు ఊరుకునేవారు కాదు. లెక్కలోకి రాని ఆ పాదాలే నా నడకని పాడుచేశాయి. ర్యాపిడ్3లోనూ పాదాల గురించి విడిగా అంకె లేదు గానీ 3 కిలోమీటర్లు నడవగలరా అన్నచోట అవి బయటపడతాయి.

అలాగని డాక్టర్ చెయ్యి అక్కర్లేదని నేననడం లేదు. మా డాక్టర్ గారు కీళ్లు చూసే పద్ధతి నాకు బాగా గుర్తుండిపోయింది. తన బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కుతారు, అంతకన్నా గట్టిగా కాదు, ఒక్కో వేలి మొదట్లో రెండు వైపులా పట్టుకుని కదిపి చూస్తారు, మాట్లాడుతూనే కళ్లు మాత్రం నా మొహం మీద పెడతారు, కనుబొమ లేచిందా లేదా అని. ఇదంతా శ్రద్ధగా చేస్తే సమయం పడుతుంది, బయట కుర్చీలు నిండి ఉంటాయి. ర్యాపిడ్3 కూడటానికి పది సెకన్లు పట్టదు, అందుకే రద్దీ ఓపీలకి అది పనికొచ్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో సిఫార్సు చేసిన ఐదు కొలతల్లో డాస్28, సీడీఏఐ, ఎస్‌డీఏఐలతో పాటు ర్యాపిడ్3 కూడా ఉంది, పేషెంట్ జవాబుల మీదే నడిచే పాస్-2 అనేది ఇంకోటి. డెన్మార్క్‌లో డాన్‌బయో అని దేశం మొత్తానికి ఒక రిజిస్టరు ఉంది, అక్కడ వెయిటింగ్ హాల్లో టచ్ స్క్రీన్ మీద పేషెంట్లే తమ జవాబులు నొక్కి లోపలికి వెళ్తారు. మనకి దారం కట్టిన పెన్ను ఉంది, అదీ చాలు.

నా అసలు గొడవ ఆ ప్రశ్నలతో. ఇవి ఏ ఊరి మనిషిని మనసులో పెట్టుకుని రాసినవో చదవగానే తెలిసిపోతుంది. బట్టలు వేసుకోవడం అన్నదాని పక్కన బూట్ల లేసులు, చొక్కా గుండీలు అని ఉంటుంది. నేను లేసులు కట్టి ఎన్నేళ్లయిందో! నా చేతుల సంగతి తెలియాలంటే జాకెట్ హుక్కులు అడగాలి, చీర కుచ్చిళ్లకి పిన్నీసు పెట్టుకోగలుగుతున్నానా అని అడగాలి. తడి దుప్పటి పిండగలనా, చపాతీ పిండి కలపగలనా, గ్యాస్ లైటర్ ఒక్క నొక్కుకి వెలుగుతుందా, ఆవకాయ జాడీ మూత, బ్యాంకులో రోజుకి అన్ని వోచర్ల మీద వేసే స్టాంపు. ఆటపాటలు అన్న పదో ప్రశ్నకి మా ఓపీలో ఆడవాళ్లు చాలామంది సున్నా పెట్టేస్తారు, ఎందుకంటే ఆటలాడే అలవాటే లేదు కాబట్టి ఇబ్బందీ లేదు. నేను దాన్ని దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కడంగా మార్చుకున్నాను. రూలు కాదు, డాక్టర్ గారికి చెప్పే చేశాను, ప్రతిసారీ అదే అర్థంలో నింపితే పర్వాలేదన్నారు.

ఈ ఇబ్బంది నా ఒక్కదానికే తోచింది కాదు. ఢిల్లీ డాక్టర్లు 2002లో భారతీయ హెచ్‌ఏక్యూ అని ఒకటి చేసి ప్రచురించారు. అందులో గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం లాంటివి వచ్చాయి. మోకాళ్లు మడవలేని మనిషికి మన ఊళ్లలో మరుగుదొడ్డే పెద్ద పరీక్ష, ఆ ప్రశ్న లేని కాగితం ఆమెకి తక్కువ మార్కు వేసి బాగున్నావని పంపించేస్తుంది.

ఇంకో తంటా ఉంది. 10 అంటే ఎక్కువ నొప్పి, ఎక్కువ చెడ్డ. చిన్నప్పట్నుంచీ మనం చదువుకున్న మార్కుల్లో 10 అంటే మంచిది. నొప్పి గీత దగ్గర ఇది ఎలాగోలా అర్థమవుతుంది గానీ "మొత్తమ్మీద ఎలా ఉన్నారు" అన్న గీత దగ్గర తిరగబడుతుంది. నా పక్కన ఒకసారి నూజివీడు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, కొడుకుతో. కొడుకు పెన్ను పట్టుకుని గబగబా అడుగుతున్నాడు.

"అమ్మా, నొప్పి పదికి ఎంత?"

"ఏమోరా, ఉంటుందిగా."

"నాలుగు వేసేయనా?"

"నీ ఇష్టం నాయనా."

ఆ పైన "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని ఆవిడ నోరు తెరిచేలోపే రెండో గీతలో ఎనిమిది నింపేశాడు, ఎనిమిది మార్కులొచ్చినట్టు! నేను ఉండబట్టలేక "బాబూ, అక్కడ ఎనిమిదంటే చాలా బాధగా ఉందని" అన్నాను. అతను కొట్టేసి రెండు పెట్టాడు. ఆవిడ నా వైపు తిరిగి నెమ్మదిగా, "అమ్మాయ్, రెండు కాదులే, పొద్దున పూట చెంబు కూడా పట్టుకోలేను, వీడికేం తెలుసు" అంది. కొడుకు ముందు ఆ మాట గట్టిగా అనదు. డ్యూటీకి సెలవు పెట్టి, కారు మాట్లాడి తీసుకొచ్చాడు కదా, ఇంకా బాగా లేదంటే వాడు ఏమనుకుంటాడో అని. చివరికి ఏ అంకె మిగిలిందో చూడలేదు, నా నంబరు పిలిచారు.

కాబట్టి ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్తాను. ఈ కాగితాన్ని కొడుకో మొగుడో నింపితే అది వాళ్ల ర్యాపిడ్3, పేషెంట్‌ది కాదు. చదవలేని పెద్దవాళ్లకి ప్రశ్న చదివి వినిపించండి, జవాబు వచ్చేదాకా ఆగండి, మీరు అంకె సూచించకండి. డాక్టర్ నింపేసినా తప్పే. "బాగున్నారుగా అమ్మా, రెండు వేస్తున్నా" అనే డాక్టర్లని కూడా చూశాను, అలా నింపిన కాగితం కన్నా ఖాళీ కాగితం నయం.

అంకె ఎక్కువ రాగానే జబ్బు లేచిందని కూడా కాదు. పోయినేడు మార్చి నెలాఖరు క్లోజింగ్‌లో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లకి ఆ పది రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, నా ర్యాపిడ్3 రెండంకెల్లోకి వెళ్లింది. నిద్ర లేదు, మెడ పట్టేసింది, టెన్షన్. డాక్టర్ గారు 28 కాదు, పాదాలతో సహా అన్నీ నొక్కి చూశారు, ఒక్క వాపు లేదు, సీఆర్‌పీ మామూలుగానే ఉంది. మందు పెంచలేదు. కాగితంలోనే పది పనుల కింద నిద్ర, ఆందోళన, దిగులు గురించి మూడు ప్రశ్నలు ఉంటాయి, స్కోర్‌లో కలపరు, వాటికి నేను పెట్టిన జవాబులు చూపించి "మీ కీళ్లు బాగానే ఉన్నాయమ్మా, మీరు బాగా లేరు" అన్నారు. నాకు ఆ కాగితం మీద గౌరవం పెరిగింది ఆ రోజే. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) ఉన్నవాళ్లకి, మోకాళ్లు అరిగినవాళ్లకి, వెన్నుపూస నొప్పి ఉన్నవాళ్లకి ర్యాపిడ్3 ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, ఆర్‌ఏ ఎంత అణిగినా. అలాంటివాళ్లకి అంకె చూసి ఒకదాని తర్వాత ఒకటి ఖరీదైన ఇంజెక్షన్లు మారుస్తూ పోతే జేబుకీ ఒంటికీ నష్టం.

తక్కువ అంకె ఇంకా ప్రమాదం. మా బ్రాంచికి వచ్చే ఒకాయన నా వేళ్లు చూసి "నాకూ ఇదే, నాకిప్పుడు సున్నా నొప్పి" అన్నారు. ఏం వాడుతున్నారంటే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్ర, ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్, ఏళ్ల తరబడి. ఆయన ఎండీహెచ్‌ఏక్యూ నింపితే రెమిషన్ అని రావచ్చు, లోపల జబ్బు ఎముకని తింటూనే ఉండొచ్చు, మధ్యలో షుగర్, కంట్లో శుక్లం బోనస్. స్టీరాయిడ్ మీద, పెయిన్‌కిల్లర్ మీద వచ్చిన సున్నాని సున్నాగా లెక్కపెట్టకూడదు. ఫ్రాన్స్‌లో 2002 నుంచి 813 మంది కొత్త పేషెంట్లని చేర్చుకుని వెంటాడిన ఎస్పోయిర్ అనే అధ్యయనం ఉంది, దాని డేటాతో పింకస్ గారి బృందమే ఒక మధ్యేమార్గం చూపించింది: ర్యాపిడ్3 అంకె 3 లోపు ఉండాలి, దానితో పాటు డాక్టర్ చూస్తే వాచిన కీలు ఒకటికి మించకూడదు. ల్యాబ్ లేదు, లాగరిథమ్ లేదు. నా ఓటు దీనికే. పేషెంట్ చెప్పేది ఒకటి, డాక్టర్ వేలు చెప్పేది ఒకటి, రెండూ కలిస్తేనే రెమిషన్.

పెద్ద సంఘాల అధికారిక నిర్వచనం ఇంకా కఠినం. 2011లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన దాని ప్రకారం నొప్పి కీళ్లు 1కి మించకూడదు, వాపు కీళ్లు 1కి మించకూడదు, సీఆర్‌పీ డెసిలీటర్‌కి 1 మిల్లీగ్రాము మించకూడదు, పేషెంట్ వేసుకున్న అంకె కూడా 10కి 1 దాటకూడదు. నాలుగూ ఒకేసారి కుదరాలి. మొదటి మూడూ కుదిరి నాలుగోదాని దగ్గర తప్పేవాళ్లు కుప్పలు, ఎందుకంటే నలభై దాటి, ఇల్లూ ఉద్యోగమూ మోసే ఏ మనిషి "నేను మొత్తమ్మీద పదికి ఒకటి" అంటుంది చెప్పండి! 2022లో ఆ గీతని 2కి జరిపారు. మంచి పని చేశారు.

పాత సంగతి ఒకటి చెప్పాలి, ఈ కాగితాన్ని ఆషామాషీగా తీసుకునేవాళ్ల కోసం. పింకస్, ఆయన సహచరులు 1984లో ఒక పేపర్ వేశారు, 75 మంది ఆర్‌ఏ పేషెంట్లని 9 ఏళ్ల పాటు చూసి. ఆ రోజుల్లో ఇప్పటి మందులు లేవు. చాలామందికి పని సామర్థ్యం దారుణంగా పడిపోయింది, ఉద్యోగాలు పోయాయి, మామూలు జనం కన్నా ఎక్కువమంది చనిపోయారు. మొదట్లో రోజువారీ పనులు చేసుకోవడంలో ఎక్కువ ఇబ్బంది పడినవాళ్లకే చావు ముప్పు ఎక్కువగా కనిపించింది. కుళాయి తిప్పగలరా, గ్లాసు ఎత్తగలరా అన్న పిల్ల ప్రశ్నలు మున్ముందు ఏం జరగబోతోందో ఎక్స్‌రే కన్నా, ల్యాబ్ కన్నా బాగా చెప్తాయని తర్వాతి అధ్యయనాల్లోనూ తేలుతూ వచ్చింది.

కొలవడం వల్ల ఏం ఒరిగింది అంటే గ్లాస్గోలో చేసిన టికోరా అనే ట్రయల్ చూడండి, 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక గుంపుని మామూలు పద్ధతిలో చూశారు. ఇంకో గుంపుని నెలనెలా పిలిచి, జబ్బు తీవ్రతకి స్కోర్ వేసి, స్కోర్ దిగకపోతే మందు పెంచారు. వాడినవి మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్ లాంటి పాత మందులే, కీళ్లలో స్టీరాయిడ్ ఇంజెక్షన్లు. ఏడాదిన్నర తర్వాత రెమిషన్‌లో ఉన్నవాళ్లు మామూలు గుంపులో 16 శాతం, స్కోర్ పెట్టి వెంటాడిన గుంపులో 65 శాతం. వాళ్లు వాడింది ర్యాపిడ్3 కాదు, కీళ్లు లెక్కపెట్టే డాస్. అయినా నాకు అర్థమైంది ఇది: అంకె రాసి ఫైల్లో పెట్టేస్తే ఏమీ జరగదు, అంకె బాగా లేనప్పుడు ఆ రోజే ఏదో ఒకటి మార్చాలి. నేను మొదట చూపించుకున్న చోట, పేరు అనవసరం, ప్రతిసారీ "ఎలా ఉన్నారు", "పర్లేదండి", "అవే కంటిన్యూ చేయండి", ఇంతే సంభాషణ. ఏ అంకే రాయలేదు కాబట్టి పోయినసారి కన్నా మెరుగో కాదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ కాలంలోనే నా కుడి మణికట్టు సగం వంగడం మానేసింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి. కాగితం జిరాక్స్ ఇంట్లో పెట్టుకున్నాను. అపాయింట్‌మెంట్ ముందు రోజు రాత్రి, వంటిల్లు సర్దేశాక, ఒక్కదాన్నే కూర్చుని నింపుతాను. హాస్పిటల్లో ఏసీ హాల్లో కూర్చున్నప్పుడు వేసే అంకె వేరు, ఇంట్లో గిన్నెలు తోమాక వేసే అంకె వేరు. కాగితం అడిగేది ఈ వారం రోజుల సంగతి కాబట్టి వారం మొత్తం గుర్తు చేసుకుని వేస్తాను, ఆ రోజు ఒంటి స్థితిని బట్టి కాదు. నింపేటప్పుడు పోయినసారి కాగితం చూడను, చూస్తే చెయ్యి దాని దగ్గరికే పోతుంది. నింపిన తర్వాత పక్కన పెట్టి చూసుకుంటాను. పైగా నా సొంత జాబితా నాలుగు ముక్కలు వెనక రాస్తాను: పిన్నీసు, దుప్పటి పిండటం, స్టాంపు, పొద్దున మొదటి అడుగు. వీటికి స్కోర్ లేదు, డాక్టర్ గారు మాత్రం ముందుగా వెనక పేజీయే తిప్పి చూస్తున్నారు ఈమధ్య. పొద్దున కీళ్లు బిగుసుకుపోవడం ఎంతసేపు ఉందో నిమిషాల్లో రాయమని ఆ కాగితంలోనే ఉంటుంది, దాన్ని వదిలేయకండి. "కాసేపు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగేది, ఇంట్లో లెక్క వేసుకుంటే 2 వచ్చింది, మెథోట్రెక్సేట్ ఆపేయొచ్చా అని. ఆపకండి. ఒక్క రోజు 2 వస్తే రెమిషన్ కాదు. స్టీరాయిడ్ మొత్తంగా మానేశాక, కనీసం ఆరు నెలలు అంకె కిందే నిలబడి, డాక్టర్ చేతికి వాపు తగలకపోతే, అప్పుడు డోసు కొంచెం కొంచెంగా తగ్గించే ఆలోచన చేస్తారు, అదీ డాక్టరే, ఒక్కసారిగా ఆపేయరు. తగ్గించాక మళ్లీ లేచేవాళ్లూ ఉన్నారు, ఆ లేవడం మొదట కనిపించేది కూడా ఈ కాగితం మీదే కావచ్చు కాబట్టి అప్పుడు ఇంకా తరచుగా నింపాలి. నా అంకె ఇప్పుడు 3కీ 4కీ మధ్య తచ్చాడుతోంది, వాపు లేదు, కుడి మణికట్టు మాత్రం ఇక వంగదు, పిన్నీసు ఎడం చేత్తో పెట్టుకుంటున్నాను, డోసు అదే. అన్నట్టు మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే, రోజూ కాదు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఎవరు సర్దుతున్నారో వాళ్లకి ఇది చదివి వినిపించండి.